రెండో తాళంచెవి

ఓడలో గదులకు తాళంచెవులు ఉండవు. పేకముక్క లాంటి కార్డు ఒకటి ఇస్తారు. దాన్ని తలుపుకు చూపిస్తే టిక్కుమని పచ్చదీపం వెలిగి తలుపు తెరుచుకుంటుంది. మనిషికో కార్డు. పోగొట్టుకుంటే కింద కౌంటరులో అడగ్గానే ఇంకోటి చేతిలో పెడతారు. ఓడ ఎక్కిన రోజే భర్త ఆ కార్డును ఆవిడ మొహం ముందు ఆడించి, "చూశావా, ఇద్దరు మనుషులున్న చోట రెండు తాళంచెవులు కూడా ఉండొచ్చట," అన్నాడు.

ఆవిడ నవ్వింది. పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్న ఎత్తిపొడుపే అది. నడుముకు దోపుకున్న గుడ్డసంచీని ఒకసారి తడిమి చూసుకుంది. ఇంటి తాళంచెవి అందులో భద్రంగా ఉంది. మనం లేనప్పుడు పంపు పగిలి ఇల్లంతా నీళ్ళైతే ఎవరు తెరుస్తారు, ఎదురింట్లో ఇచ్చి రమ్మని ఆయన మొత్తుకున్నా వినకుండా ఈసారి తనతోనే తెచ్చుకుంది. ఎందుకో ఆయనకు తెలుసు. తెలుసు కనకే ఎక్కువ మొత్తుకోలేదు.

వాళ్ళింటికి ఉన్నది ఒకటే తాళంచెవి. సంసారంలో అదెంత ఇబ్బందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన ఆఫీసు నుంచి పెందలాడే వస్తే ఆవిడ బజారు నుంచి వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని పొద్దున చదివిన పేపరే మళ్ళీ చదివేవాడు. పిల్లలు బడి వదిలాక ఎదురింటివాళ్ళ సోఫాలో సంచులతో సహా నిద్రపోయేవారు. తాళాలు బాగుచేసేవాళ్ళను అడిగితే, ఇలాంటి చెవి ఇప్పుడెవరూ చెయ్యరు, తాళమే మార్చుకోండి అన్నారు. ఆ మాటెత్తితే మాత్రం ఆవిడ ససేమిరా అనేది. అద్దె ఇల్లు మారినప్పుడల్లా వడ్రంగిని పిలిపించి, పాత తలుపులోంచి ఆ తాళాన్ని ఊడదీయించి కొత్త తలుపులో దింపించేది. పాత తలుపుకు పడిన కన్నం గురించి ఇంటాయనకు సంజాయిషీ చెప్పుకోవలసింది భర్తే. "నేను మొహం కూడా చూడని బావగారు నా ఇంటి తలుపు మీద కూర్చుని పెత్తనం చేస్తున్నారు," అని ఆవిడ అన్నయ్య గురించి స్నేహితుల దగ్గర వాపోయేవాడు. వాపోయేవాడే గానీ, వడ్రంగి ఉలి పెట్టి కొడుతుంటే తలుపు కదలకుండా పట్టుకుని నిలబడేదీ ఆయనే.

ఆ తాళం చేసింది ఆవిడ తండ్రి. సందు మొదట్లో, ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాల్సినంత దుకాణం ఆయనది. చుట్టుపక్కల సగం తలుపులకు ఆయన చేతి తాళాలే ఉండేవి. తాళంచెవులు చేయడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. జతను ఒకదాని మీద ఒకటి పెట్టి వైసులో బిగించి, రెంటినీ కలిపి ఆకురాయితో రాసేవాడు. విడివిడిగా రాస్తే వెంట్రుకంత తేడా వస్తుందనేవాడు. పని పూర్తయ్యాక, వైసు విప్పే ముందు, రెండింటి అంచుల మీదుగా ఏటవాలుగా ఒక గీత గీసేవాడు. సగం గీత ఒకదాని మీద, సగం రెండోదాని మీద పడేది. విడదీస్తే అవి వట్టి గాట్లు, మళ్ళీ ఆనించి పెడితే ఒకటే గీత. ఏ చెవికి ఏది జతో తేల్చుకోవడానికి ఆయన పెట్టుకున్న గుర్తు అది.

చిన్నప్పుడు ఆవిడ దుకాణంలో ఆడిన ఆట ఒకటే. తండ్రి వీపు వెనక నిలబడి ఒక్కొక్క చెవినీ నేల మీద పడేసేది. ఆయన తల తిప్పకుండానే, పని ఆపకుండానే, ఇనుము, ఇత్తడి, మళ్ళీ ఇనుము అని చెప్పుకుపోయేవాడు. ఒక్కసారీ తప్పింది లేదు.

సొంత ఇంటి వీధి తలుపుకు చేసిన జత ఇత్తడిది. ఒకటి ఇంట్లోవాళ్ళకు. రెండోది, వేళాపాళా లేకుండా వచ్చి అందర్నీ లేపుతున్నాడని విసుక్కుంటూ కొడుక్కి ఇచ్చాడు.

అన్నయ్య ఆవిడకన్నా పదేళ్ళు పెద్ద. చెల్లెల్ని పేరు పెట్టి పిలవడం ఎరగడు, ఉడతా అనేవాడు. తండ్రి అతన్ని దుకాణంలో కూర్చోబెట్టాలనుకున్నాడు. అతను ఎవరికీ చెప్పకుండా సరుకుల ఓడలో ఇంజను గదిలో పనికి కుదిరాడు. ఇంట్లో కొన్నాళ్ళు ఎవరి కంచం ముందు వాళ్ళు మూతి ముడుచుకుని కూర్చున్నారు. అతను బయల్దేరిన రోజు ఆవిడ బడికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మం దగ్గర మాటా మాటా పెరిగి, వెళ్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు అన్నాడట తండ్రి. కొడుకు జేబులోంచి ఏదో తీసి, వీధి కాలవలోకి విసిరికొట్టి, పెట్టె ఎత్తుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడట.

ఏడాది తిరక్కుండా ఆ ఓడ ఒక పరాయి రేవు బయట, తుఫానులో, రాళ్ళకు కొట్టుకుని మునిగింది. మనిషి దొరకలేదు. కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది, అంతే.

ఆ తర్వాత ఇంట్లో ఏళ్ళ తరబడి ఒకటే వాదన. కాలవలో విసిరింది ఇంటి తాళంచెవే అని తండ్రి. ఇల్లు వద్దనుకుని పోయినవాడి కోసం ఏడుపెందుకు అనేవాడు. కాదు, వాడు దాన్ని పట్టుకెళ్ళాడు, విసిరింది ఏ చిల్లరో అయుంటుంది, తిరిగి రావాలనే వెళ్ళాడు అని తల్లి. పడుకోబోయే ముందు తల్లి తలుపుకు తాళం వేసేది గానీ లోపలి గడియ పెట్టేది కాదు. గడియ పెడితే బయటి నుంచి చెవితో తెరవడం కుదరదు. తండ్రి అది చూసి కూడా నోరు మెదిపేవాడు కాదు. కొడుకు వెళ్ళిన వారంలోనే దుకాణానికి కొత్త తాళం బిగించాడు గానీ, ఇంటి తాళం జోలికి ఎన్నడూ పోలేదు. తాళం పాతబడింది, మార్చాడు అనుకున్నారు ఇంట్లో. అప్పుడు దుకాణం తాళం గురించి ఆలోచించే ఓపిక ఎవరికుంది?

తండ్రి పోయాడు. తర్వాత తల్లి మంచాన పడింది. చివరి రోజుల్లో కూతురి చెయ్యి పట్టుకుని, "వాడు పట్టుకెళ్ళే ఉంటాడంటావా?" అని అడిగింది.

"పట్టుకెళ్ళాడమ్మా," అంది ఆవిడ. ఏం తెలిసి అందో ఆవిడకే తెలియదు. తెలియకుండా అన్న ఆ మాట అప్పట్నుంచీ ముల్లులా లోపలే ఉండిపోయింది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు వీధి తలుపు తాళాన్ని ఊడదీయించి, పెళ్ళై వెళ్ళేటప్పుడు తనతో తీసుకెళ్ళింది.

రిటైరైనవాళ్ళ సంఘం తరఫున ఓడ ప్రయాణం అనగానే భర్త దారుల పటం తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు. రేవులన్నీ గబగబా చదివి, ఒకచోట వేలు పెట్టి, తీయకుండా అలాగే ఉంచాడు. ఆవిడ చూసింది. అన్నయ్య ఓడ మునిగిన రేవు అది. మర్నాడు ఆయన ఇద్దరి పేర్లూ ఇచ్చి వచ్చాడు. ఓడలో ఇచ్చిన రేవు పుస్తకంలో ఇంకో సంగతి కనిపించింది. గజఈతగాళ్ళు మునిగిన ఓడలోంచి పైకి తెచ్చిన సామాన్లు కొన్ని ఒడ్డున ఒక షెడ్డులో పెట్టారట. ఆవిడ ఆ పేజీ మూల మడిచి పెట్టుకుంది.

రేవులో దిగగానే సంఘం వాళ్ళంతా బజారు దారి పట్టారు. స్మారకాలు చూపించే బస్సులో పట్టుమని పదిమంది కూడా లేరు. సాయంత్రం ఓడ కదిలే లోపు మూడు చోట్లు చూపించి తీసుకొస్తామని, ఎక్కడా ఆలస్యం చెయ్యొద్దని చెప్పింది వెంట వచ్చిన అమ్మాయి.

మొదటిది కొండకొమ్మున ఉన్న రాతి పలక. గాలి మనిషిని నిలవనివ్వలేదు. ఆవిడ శాలువా రెండు కొసలూ గుప్పిట్లో పట్టుకుని సముద్రం వైపు చూసింది. అదిగో, నురుగు తెల్లగా లేస్తోందే, ఆ రాళ్ళే అని చూపించింది అమ్మాయి. ఆవిడ నమ్మలేకపోయింది. ఇన్నేళ్ళూ ఆ ఓడ ఎక్కడో నడిసముద్రంలో, దిక్కూ దివాణం లేని చోట మునిగిందనుకుంటోంది. ఇది కేక వేస్తే వినబడేంత దూరం. వెనక్కి తిరిగితే గుట్ట మీద ఇళ్ళు, కిటికీలు, ఆరేసిన దుప్పట్లు. ఆ తుఫాను పూట ఆ కిటికీల్లో దీపాలు వెలుగుతూనే ఉండుంటాయి. అన్నయ్యకు అవి కనిపించే ఉంటాయి.

పలక మీద పేర్లు పదవుల వరసన చెక్కారు. కెప్టెను పైన, ఇంజను గదిలో చమురు పోసేవాళ్ళు అట్టడుగున. అన్నయ్య పేరు చూడాలంటే ఆవిడ నేల మీద కూర్చోవలసి వచ్చింది. "ఇక్కడ కూడా బావగారికి కింది అంతస్తే ఇచ్చారు," అన్నాడు భర్త మెల్లిగా, తనూ మోకాళ్ళు పట్టుకుని పక్కనే కూలబడుతూ. ఆవిడ ఆ అక్షరాల్లోకి చేరిన ఇసుకను వేలితో తీసింది. ఇక్కడ ఏడుస్తాననుకుంది, ఏడుపు రాలేదు. అతను పోయాడని చెబుతోంది రాయి. అది ఆవిడకు ఎప్పుడో తెలుసు. తెలియనిది ఒక్కటే, దాని గురించి రాయి ఏమీ చెప్పడం లేదు.

రెండోది సమాధుల తోట. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాళ్ళను, ఎవరెవరో పోల్చుకోలేక, వరసగా పాతిపెట్టిన చోటు. అన్నిటికీ ఒకే కొలత రాళ్ళు, గడ్డి శుభ్రంగా కత్తిరించి ఉంది. వీటిలో ఒకటి అన్నయ్యది అయుండొచ్చు, కాకపోవచ్చు. ఆవిడ ఏ రాయి దగ్గరా ఆగలేదు, ఏ రాయినీ వదిలిపెట్టలేదు. ఒక్కొక్కదాని మీదా అరచెయ్యి ఆనించుకుంటూ వరస చివరిదాకా నడిచింది. బస్సులోవాళ్ళు ఫొటోలు తీసుకోవడం ఆపి దారిచ్చారు.

మూడోది ఆ షెడ్డు. ఒకప్పుడు మునిగేవాళ్ళను కాపాడే పడవలు ఉంచిన చోటట అది. అద్దాల బీరువాల్లో ఓడ గంట, కెప్టెను దూరదర్శిని, పింగాణీ పళ్ళేలు, వంకరపోయిన చెంచాలు. ఆవిడ ప్రతి అద్దం ముందూ నిలబడింది. మళ్ళీ మొదటికొచ్చి రెండోసారి చూసింది. తాళంచెవి అన్నది ఎక్కడా లేదు.

తలుపు దగ్గర కుర్చీలో ఊలు అల్లుకుంటూ కూర్చుంది ఆ షెడ్డును చూసుకునే ఆవిడ. తనంత వయసే ఉంటుంది, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. ఏమైనా కావాలా అని తనే అడిగింది.

"తాళంచెవులేమైనా దొరికాయాండీ?"

"దొరక్కేం? ఓడ నిండా గదులే కదమ్మా. జనం చూసేంత అందంగా ఉండవని అరలో పడేశాం."

అదే సమయానికి బయట బస్సు హారను మోగింది. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన చేతికర్ర సర్దుకున్నాడు. "నువ్వు చూసుకో. నాకు మోకాళ్ళ నొప్పి వచ్చే వేళైంది," అని కుంటుకుంటూ బయటికి నడిచాడు. వచ్చేటప్పుడు లేని కుంటు అది. కాసేపటికి బస్సు మెట్టు మీద కూర్చుని అమ్మాయికి తన మోకాళ్ళ చరిత్ర మొదటి నుంచీ వినిపిస్తున్న గొంతు వినబడింది. ఆ చరిత్ర తొందరగా తెమిలేది కాదని ఆవిడకు తెలుసు.

షెడ్డావిడ బీరువా కింది అర లాగింది. మెత్తటి గుడ్డ పరిచిన పళ్ళెంలో ఉప్పు పట్టి, పచ్చగా చిలుం పట్టి, కొన్ని తాళంచెవులు. చాలావాటికి గది అంకె చెక్కిన బిళ్ళలు ఉన్నాయి. ఒక మూల విడిగా ఒకటుంది. దానికి అంకె లేదు. దారంతో కట్టిన చీటీ మీద గుర్తు తెలియనిది అని రాసుంది.

చీటీ చదవకముందే ఆవిడకు తెలిసిపోయింది. తల భాగం మూడు రేకుల్లా ఉంది. మేకుకు తగిలిస్తే పళ్ళు ఎప్పుడూ ఒకే వైపుకు ఒరగాలని తండ్రి వేలాడదీసే కన్నాన్ని ఒక పక్కకు జరిపి వేసేవాడు. ఇందులోనూ కన్నం ఒక పక్కకే ఉంది. ఆవిడ గుడ్డసంచీ ముడి విప్పబోయింది. ముడి ఊడి రాలేదు. షెడ్డావిడే వంగి ముడి విప్పి పెట్టింది.

బయటికొచ్చిన చెవిని చూసి షెడ్డావిడ కళ్ళజోడు పెట్టుకుంది. తెల్లటి చేతితొడుగులు వేసుకుని, పళ్ళెంలోని దాన్ని పైకి తీసి, రెండు వేళ్ళతో నిలిపి పట్టుకుంది. ఆవిడ తన దాన్ని పక్కన ఆనించింది. ఒకటి రోజూ వాడి వాడి బంగారంలా మెరుస్తోంది. రెండోది పళ్ళు సగం ఉప్పునీళ్ళకు కరిగి, రాయిలా ఉంది. కానీ అంచు మీద గీత ఇటు నుంచి అటు, ఎక్కడా తెగకుండా, ఏటవాలుగా వెళ్ళింది. ఆకురాయి పట్టిన చెయ్యి ఇప్పుడే పైకి లేచినట్టుంది.



"ఇది ఎక్కడ దొరికిందండీ?" అంది ఆవిడ.

పనివాళ్ళు పడుకునే గదుల వైపు దొరికిందని చెప్పింది షెడ్డావిడ. ఒక రేకు సబ్బుపెట్టెలో ఉందట. మూత బిగుసుకుపోయి ఉంటే జాగ్రత్తగా కోసి తీశారట. లోపల రెండు బొత్తాలు, ఒక దువ్వెన ముక్క, ఇది. "పోకుండా దాచుకున్న వస్తువని అప్పుడే అనుకున్నామమ్మా. ఊరికే జేబులో పడున్నది కాదు."

ముందు అమ్మకు చెప్పాలి అనుకుంది ఆవిడ. వెంటనే చెప్పాలి, పరిగెత్తుకెళ్ళి చెప్పాలి. అనుకున్నాక గుర్తొచ్చింది, చెప్పడానికి అమ్మ లేదని. అప్పుడొచ్చింది ఏడుపు. కొండ మీద రానిది, సమాధుల దగ్గర రానిది, పరాయి మనిషి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. షెడ్డావిడ తొడుగులు వేసుకున్న చేతుల్ని ఆవిడకు తగలనివ్వకుండా ఎడంగా పట్టుకుని, మోచేతులతోనే దగ్గరికి తీసుకుంది.

సొంతవాళ్ళు అడిగితే తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉందని, తను పై వాళ్ళతో మాట్లాడి ఇంటికి పంపిస్తానని షెడ్డావిడ అంది. ఆవిడ ఆలోచించింది. పళ్ళు అరిగిపోయిన ఆ చెవి ఇక ఏ తాళాన్నీ తెరవదు. అయినా అది ఆ తలుపు దాకా రావలసినదే. దాన్ని దాచుకున్నవాడు అక్కడికే తేవాలనుకున్నాడు. ఇప్పించండి అని చెప్పింది.

షెడ్డావిడ పాత చీటీ తెంపి కొత్తది తీసింది. ఇది ఏ తలుపుదని రాయమంటారు అని అడిగింది.

"మా ఇంటి వీధి తలుపుది."

అలాగే రాసి కట్టింది. మళ్ళీ అరలో పెట్టలేదు. పళ్ళెం తీసి బల్ల మీద, తన ఊలు బుట్ట పక్కనే ఉంచుకుంది.

తిరుగు దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉండగా ఆవిడకు ఒక్కసారి దుకాణం కొత్త తాళం గుర్తొచ్చింది. దుకాణం చెవి ఇనుముది. అదీ ఒకటి అన్నయ్య జేబులోనే ఉండేది. కాలవలో రాళ్ళ మీద పడింది ఇనుమో ఇత్తడో వీపు వెనక నుంచే చెప్పగలిగిన మనిషి, కళ్ళెదుట పడితే తెలుసుకోలేదా? తెలిసింది కనకే ఆ వారంలోనే దుకాణం తాళం మార్చాడు. తెలిసింది కనకే ఇంటి తాళం మార్చలేదు. మరి ఏళ్ళ తరబడి అమ్మతో ఆ వాదన ఎందుకు? కొడుకు ఇల్లు వద్దనుకున్నాడని నమ్మితే ఆయనకు కోపం ఉండేది. కోపంతో అన్నం తినొచ్చు, దుకాణం తెరవొచ్చు. గుమ్మం తొక్కొద్దని తను అన్నాక కూడా వాడు ఆ గుమ్మం తాళంచెవినే దాచుకున్నాడని ఒప్పుకుంటే, ఆ మనిషికి ఇక చేతిలో ఏం మిగులుతుంది?

ఆవిడ ఇదంతా భర్తకు చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క జోకూ వెయ్యలేదు. అంతా విని, "మామయ్యగారు గట్టివారు," అని మాత్రం అన్నాడు.

తెలుసుకుంటే మనసు తేలికపడుతుందనుకుంది. అలా జరగలేదు. ఇన్నాళ్ళూ అన్నయ్య వెళ్ళిపోయినవాడు. ఈ రోజు నుంచి ఇంటికి రావలసినవాడు. వెళ్ళిపోయినవాడి మీద అలగొచ్చు. సబ్బుపెట్టెలో ఇంటి తాళంచెవి దాచుకుని, ఒడ్డు మీద ఎవరివో కిటికీలు చూస్తూ ఉండిపోయినవాడి కోసం ఏం చెయ్యాలో ఆవిడకు తెలియలేదు.

ఓడ ఎక్కే మెట్ల దగ్గర కార్డు చూపించి పైకి వచ్చాక ఆవిడ గదికి వెళ్ళలేదు. డెక్కు కటకటాల దగ్గరే నిలబడింది. బజారుకు వెళ్ళినవాళ్ళు సంచులతో ఒక్కొక్కరే వస్తున్నారు. భర్త కూడా పక్కన నిలబడ్డాడు.

"ఇంటికి వెళ్ళాక తాళంలో కాస్త నూనె వేయిస్తాను," అన్నాడు ఆయన. "ఈ మధ్య బిగుసుకుపోతోంది."

మారుద్దాం అనలేదు. ఆవిడ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

మెట్లు పైకి తీసేస్తామని మైకులో చెప్పారు. అప్పుడు గిడ్డంగుల మలుపులోంచి ఒక మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో ఏదో పొట్లం. ఎవరో ఏమో, ఈ దూరానికి మొహం తెలియడం లేదు. ఆవిడ కటకటాల మీదికి వంగి, అతను మెట్టు మీద కాలు పెట్టేదాకా, ఒక్కొక్క మెట్టూ ఎక్కి లోపలికి వచ్చేదాకా, రెప్ప వేయకుండా చూసింది. ఆ తర్వాత కూడా, మెట్లు పైకి లేచి ఓడకూ ఒడ్డుకూ మధ్య నీళ్ళు కనిపించాక కూడా, ఆ మలుపు వైపే చూస్తూ నిలబడింది.